వార్డుకీ తరగతికీ నడుమ: మహమ్మారి కాలంలో నర్సింగ్ విద్యార్థుల మనసు

ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చి 11న అదే సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని చెప్పాల్సి వచ్చింది. మార్చి 2న తెలంగాణలో, 12న నెల్లూరులో తొలి కేసులు బయటపడ్డాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నర్సింగ్ కాలేజీల హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మొన్నటిదాకా వార్డులో బీపీ చూసిన అమ్మాయి, సొంతూళ్లో ఫోన్ సిగ్నల్ కోసం డాబా ఎక్కి పాఠం వినాల్సి వచ్చింది. ఏడాది తిరిగి రెండో వేవ్ వచ్చేసరికి ఆస్పత్రికి మళ్లీ ఆమె అవసరం పడింది.

ఆ రెండేళ్లలో ఈ విద్యార్థుల మనసు ఏమైంది అన్న దాని మీద ప్రపంచమంతటా పరిశోధన పత్రాలు కుప్పలుగా వచ్చాయి. ఒక్కో పత్రం విడిగా చదివితే తేటగానే ఉంటుంది. పక్కపక్కన పెట్టి చదివితేనే చిక్కు. సగం మంది కుంగిపోయారని ఒకటి చెబుతుంది. వృత్తి మీద మమకారం పెరిగిందని ఇంకొకటి. వార్డులకి పంపడమే తప్పని కొందరి మాట, ఇంటికి పంపడమే తప్పని మరికొందరి మాట. ఎందరు బాధపడ్డారు, ఎందువల్ల బాధపడ్డారు, ఏం చేస్తే తగ్గుతుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూ చర్చ తిరుగుతోంది. వీటి అడుగున ఇంకో ప్రశ్న ఉంది. నర్సింగ్ విద్యార్థి చదువుకునే మనిషా, పనిచేసే మనిషా? పై మూడూ ఇంతగా చిక్కుపడటానికి అడుగునున్న ఈ ప్రశ్న 160 ఏళ్లుగా తేలకపోవడమే కారణమని ఈ సమీక్ష అభిప్రాయం.

మహమ్మారి కంటే పాత కథ

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ పేరిట నర్సింగ్ స్కూలు మొదలైంది. బస ఆస్పత్రి దగ్గరే, పాఠం వార్డులోనే. ఈ పద్ధతి దేశదేశాలకీ పాకింది. పాకే క్రమంలో ఆస్పత్రులకి ఇందులో ఒక లాభం కనిపించింది: తక్కువ ఖర్చుతో పనిచేసే చేతులు దొరుకుతాయి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఎన్నో ఆస్పత్రుల వార్డులు నడిచింది విద్యార్థుల మీదే. 1918 ఇన్‌ఫ్లుయెంజా నాటికి అనుభవమున్న నర్సుల్లో చాలామంది యుద్ధ సేవలో ఉన్నారు. వార్డుల భారం శిక్షణలో ఉన్న పిల్లల మీద పడింది, వాళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా నర్సింగ్ విద్య మీద 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక ఈ ఏర్పాటుని గట్టిగా తప్పుపట్టింది. ఆస్పత్రి అవసరం ముందు, విద్యార్థి చదువు వెనక అయిపోయిందని అది తేల్చింది. అయితే అప్పటి చర్చంతా పనిగంటల గురించీ పాఠాల గురించీ. మనసు ప్రస్తావన లేదు.

ఆ ప్రస్తావన తెచ్చింది మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్. లండన్‌లోని ఒక బోధనాస్పత్రిలో నర్సింగ్ విభాగాన్ని పరిశీలించి 1960 ప్రాంతంలో ఆమె రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ పక్కన పెట్టలేనిది. ఆ ఆస్పత్రి నర్సింగ్ సిబ్బందిలో ఎక్కువమంది విద్యార్థులే. వాళ్లలో దాదాపు మూడోవంతు శిక్షణ పూర్తి చేయకుండానే వెళ్లిపోతున్నారు. ఎందుకని చూస్తే ఆమెకి కనిపించింది ఇది: రోగి బాధకీ చావుకీ అంత దగ్గరగా ఉండటంలో పుట్టే ఆందోళనని తట్టుకోవడానికి ఆస్పత్రి తనకంటూ కొన్ని అలవాట్లు చేసుకుంది. ఒక రోగి మొత్తాన్ని ఒక నర్సుకి అప్పగించకుండా పనుల్ని ముక్కలు చేసి పంచడం, మనిషిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుతోనో పిలవడం, ఎవరూ ఎవరితోనూ దగ్గర కాకముందే వార్డు మార్చేయడం. ఈ అలవాట్లు ఆందోళనని తీర్చవు. దాన్ని ఎదుర్కొనే అవకాశం కూడా విద్యార్థికి ఇవ్వవు. మన ఆస్పత్రుల్లో ‘ఏడో నంబర్ బెడ్’ అన్న మాట విన్నవాళ్లకి మెంజీస్ పరిశీలన పరాయిదిగా అనిపించదు.

తర్వాతి మలుపు 2003 నాటి సార్స్ అంటువ్యాధి. టొరంటోలో నర్సింగ్ విద్యార్థుల్ని క్లినికల్ పోస్టింగుల నుంచి వెనక్కి పిలిచారు. హాంకాంగ్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాల్లో భయంతో పాటు ఇంకొకటి కూడా బయటపడింది. 2005లో వచ్చిన ఒక పత్రం, ఆ కష్టకాలం విద్యార్థుల్లో ‘నేను నర్సుని’ అన్న భావాన్ని బలపరిచిందని చెప్పింది. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ వచ్చినప్పుడు విద్యార్థుల అవగాహననీ, జాగ్రత్తల్నీ, ప్రమాదాన్ని వాళ్లు అంచనా వేసుకున్న తీరునీ కొలిచారు. అంటే కోవిడ్ నాటికే భయం, గర్వం, జ్ఞానం అనే మూడు దారాలు పరిశోధకుల చేతిలో ఉన్నాయి. వాటిని ఒక్కచోట ముడివేసే తీరిక ఎవరికీ దొరకలేదు.

పిలిచిన దేశాలు, పిలిచిన తీరు

2020లో ప్రభుత్వాల ముందు రెండు దారులున్నాయి. విద్యార్థుల్ని వార్డుల నుంచి తప్పించి కాపాడటం ఒకటి, సిబ్బంది కొరత తీర్చడానికి వాళ్లనే పిలవడం రెండోది. చాలా దేశాలు ముందు మొదటి దారి పట్టి, కేసులు పెరిగాక రెండో దారికి మళ్లాయి.

స్పెయిన్ మార్చి 15 నాటికే చివరి ఏడాది వైద్య, నర్సింగ్ విద్యార్థుల్ని సహాయక సిబ్బందిగా ఒప్పందం మీద తీసుకునే ఉత్తర్వు ఇచ్చింది. బ్రిటన్‌లో నర్సింగ్ నియంత్రణ మండలి అత్యవసర ప్రమాణాలు తెచ్చింది. చివరి ఆరునెలల్లో ఉన్నవాళ్లు ఇష్టమైతే జీతంతో కూడిన పోస్టింగులో చేరవచ్చు. రెండో ఏడాది వాళ్లు కూడా ఇష్టపడితే సమయంలో 80 శాతం వార్డుకీ 20 శాతం చదువుకీ కేటాయించుకోవచ్చు. మొదటి ఏడాది వాళ్లకి మాత్రం వార్డు లేదు. మొదటి వేవ్ తగ్గాక ఈ జీతం ఏర్పాటు ఆగింది. శిక్షణలోని విద్యార్థులు సేవ అందిస్తున్నట్టుగా లెక్కకి రారన్న అర్థంలో ఒక మంత్రి 2020 వేసవిలో రాసిన లేఖ అక్కడి విద్యార్థుల్ని తీవ్రంగా గాయపరిచింది. గోల్డ్‌మార్క్ నివేదిక వచ్చి అప్పటికి దాదాపు వందేళ్లు.

మన దేశంలో ముఖ్యమైన ప్రకటన 2021 మే 3న వెలువడింది. రోజుకి 4 లక్షల కొత్త కేసులు నమోదైన రోజులవి. అర్హత పొందిన బీఎస్సీ డిగ్రీ, జీఎన్ఎం డిప్లొమా నర్సుల్ని సీనియర్ల పర్యవేక్షణలో పూర్తికాలం కోవిడ్ డ్యూటీకి వాడుకోవచ్చని ప్రధాని కార్యాలయం తెలిపింది. చివరి పరీక్షల కోసం ఎదురుచూస్తున్న నర్సింగ్ విద్యార్థులకి కూడా ఆ డ్యూటీలు ఇవ్వవచ్చంది. టీకా వేస్తామంది, ప్రభుత్వ బీమా వర్తిస్తుందంది. 100 రోజులు పూర్తి చేసినవాళ్లకి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం, గౌరవ పురస్కారం ఉంటాయంది. ఇవి చిన్న విషయాలు కావు. మొదటి వేవ్‌లో పీపీఈ కిట్టు కోసం అల్లాడిన చోట టీకా, బీమా రావడం పెద్ద మార్పు.

అయినా రెండు దేశాల కాగితాలని పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రిటన్ ప్రమాణాల్లో ‘ఇష్టమైతే’ అన్న మాట విద్యార్థికి చెప్పినది. మన ప్రకటనలో ‘ఇవ్వవచ్చు’ అన్న మాట ఆస్పత్రికి చెప్పినది. అక్కడ నిర్ణయం, కనీసం కాగితం మీద, విద్యార్థిది. ఇక్కడ సంస్థది. తన మీద తనకి ఎంత అదుపు ఉందన్నది మనసు ఆరోగ్యాన్ని గట్టిగా ప్రభావితం చేసే అంశాల్లో ఒకటి. ఆ లెక్కన ఇది వ్యాకరణానికి మించిన తేడా.

అంకెల్ని ఎంతవరకు నమ్మాలి

ఈ చర్చలో ఎక్కువగా వాడుకలో ఉన్న అంకె 52. 2021లో ఒక పరిశోధక బృందం 17 అధ్యయనాలని, 13,247 మంది నర్సింగ్ విద్యార్థుల వివరాలని కలిపి లెక్కించింది. కుంగుబాటు 52 శాతం, భయం 41, ఆందోళన 32, ఒత్తిడి 30, నిద్ర సమస్యలు 27 శాతం అని తేల్చింది. తొలి వారాల చిత్రం కోసం అందరూ చూసే అధ్యయనం ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్ కాలేజీది. అక్కడ లాక్‌డౌన్ మూడో వారంలో 244 మందిని అడిగితే 42.8 శాతానికి ఓ మోస్తరు ఆందోళన, 13.1 శాతానికి తీవ్ర ఆందోళన ఉన్నట్టు వచ్చింది.

ఇక మహమ్మారికి ముందటి అంకె. 2018లో వచ్చిన ఇలాంటి ఉమ్మడి లెక్క 8,918 మంది నర్సింగ్ విద్యార్థుల్లో 34 శాతానికి కుంగుబాటు లక్షణాలున్నాయని చెప్పింది. 34 నుంచి 52కి పెరిగింది కాబట్టి ఆ 18 కోవిడ్ పుణ్యమే అనేసుకోవడం తేలిక, చాలామంది అలాగే అనుకున్నారు కూడా. ఆ తీసివేత చెల్లదు. రెండు లెక్కల్లో దేశాలు వేరు, ప్రశ్నావళులు వేరు, ఎక్కడ గీత గీసి ‘కుంగుబాటు’ అనాలో ఆ గీత కూడా వేరు. లాక్‌డౌన్ అధ్యయనాల్లో అత్యధికం వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో లింకు పంపి చేసినవి. బాగా బాధలో ఉన్న విద్యార్థి తన గోడు చెప్పుకోవడానికి ఆ లింకు తెరవచ్చు, ఫోన్ ముట్టుకునే ఓపిక కూడా లేక వదిలేయనూవచ్చు. లెక్క ఎటు ఒరిగిందో చెప్పడం కష్టం.

అసలు 34 అన్న అంకె దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. ఏ మహమ్మారీ లేని రోజుల్లోనే ముగ్గురిలో ఒకరు ఆ గీత దాటుతున్నారు. ఇది వార్త కావాల్సిన సంగతి. కాలేదు.

కొలబద్దల్లో ఉన్న ఇబ్బంది ఇంకొకటి. విరివిగా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, ఆసక్తి ఎలా ఉన్నాయో అడుగుతాయి. 27కి 10 వస్తే అనుమానించాలన్నది వాడుక. ఇది వడపోతకి పనికొచ్చే సాధనం, రోగనిర్ధారణ కాదు. 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఈ గీత ప్రకారం 24.6 శాతానికి కుంగుబాటు ఉందని తేలితే, అదే మనుషుల్ని పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ చేసినప్పుడు 12.1 శాతమే తేలింది. అంటే రెట్టింపు. నర్సింగ్ విద్యార్థుల విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. వరసగా నైట్ డ్యూటీలు చేసినవాళ్లకి నిద్ర చెడుతుంది, ఆకలి వేళ తప్పుతుంది, నీరసం వస్తుంది. తొమ్మిది ప్రశ్నల్లో మూడు, నాలుగింటికి డ్యూటీ చార్టే మార్కులు వేసేస్తుంది. దాన్ని జబ్బు అనాలా, పనిభారం అనాలా? ప్రశ్నావళికి ఆ తేడా తెలియదు.

ఇదంతా విని, అంటే బాధే లేదన్నమాట అనుకోకూడదు. ఇక్కడే చర్చ రెండో చిక్కులో పడింది. 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా తీవ్రమైన కుంగుబాటు కేసులు 27.6 శాతం, ఆందోళన కేసులు 25.6 శాతం పెరిగాయి. 2023లో మరో వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన సమీక్ష 134 బృందాల్లో మహమ్మారికి ముందూ తర్వాతా ఉన్న స్థితిని పోల్చి, మొత్తం మీద మార్పు లేదనో చాలా కొద్దిగానే ఉందనో చెప్పింది. ఒకటి అలారం మోగిస్తే ఇంకొకటి దాన్ని ఆపేసినట్టుంది. కానీ ఈ రెండింటికీ ఏకీభావం ఉన్న చోటు ఒకటుంది: స్త్రీల స్థితి ఎక్కువ దెబ్బతింది. యువత మీద భారం ఎక్కువన్నది లాన్సెట్ అంచనాలో మరో అంశం. నర్సింగ్ కాలేజీ హాజరుపట్టీ చూస్తే, అందులో అత్యధికులు 18 నుంచి 22 ఏళ్ల అమ్మాయిలు. సగటున మార్పు తక్కువన్న మాట వాళ్లకి వర్తించే అవకాశం తక్కువ.

బాధ ఎక్కడి నుంచి వచ్చింది: మూడు వాదాలు

మొదటి వాదం భయానిది. వైరస్ సోకుతుందన్న భయం, అంతకంటే ఎక్కువగా ఇంట్లో నానమ్మకో తాతయ్యకో అంటిస్తానేమోనన్న భయం. అష్కెలాన్ అధ్యయనంలో కిట్ల కొరతకీ ఆందోళనకీ మధ్య సంబంధం స్పష్టంగా ఉంది. ఈ వాదం చెప్పే మందు సూటిగా ఉంటుంది: కిట్టు ఇవ్వండి, టీకా వేయండి, సరైన సమాచారం చెప్పండి. దీని బలహీనత ఏమిటంటే వార్డు గడప తొక్కకుండా ఇంట్లో ఉన్న విద్యార్థులు కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. వైరస్‌కి దూరంగా ఉన్నంత మాత్రాన మనసు కుదుటపడలేదు.

రెండో వాదం చదువుది. నర్సింగ్ చేత్తో నేర్చుకునే విద్య. క్యాన్యులా పెట్టడం, డ్రెస్సింగ్ చేయడం, మంచాన పడ్డ మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పడం వీడియో చూస్తే రావు. పోస్టింగులు ఆగిపోయి, పరీక్షలు వాయిదా పడి, ‘ఇలా పాసైతే రేపు వార్డులో నన్ను నమ్మి ఎవరు వదులుతారు’ అన్న దిగులు పట్టుకుంది. క్లినికల్ గంటల్లో సగం దాకా ల్యాబుల్లో బొమ్మల మీద, కల్పిత సన్నివేశాల మీద నేర్పినా ఫలితం తగ్గదని అమెరికాలో 2014లో వచ్చిన జాతీయ అధ్యయనం చెప్పింది. దాన్ని పట్టుకుని ఆన్‌లైన్ చదువు చాలన్నవాళ్లున్నారు. ఆ అధ్యయనం మాట్లాడింది మంచి ల్యాబు, శిక్షణ పొందిన అధ్యాపకులు ఉన్న చోటు గురించి. 2020లో మన పిల్లల చేతికి వచ్చింది ఒక ఫోను, అది కూడా తమ్ముడితోనో చెల్లెలితోనో పంచుకోవాల్సినది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పడుతున్నవాళ్లకి, ట్యూటర్ పక్కన లేకుండా ఆ పాఠం ఇంకా దూరమైంది. పరీక్ష ఆర్నెల్లు వెనక్కి పోతే ఉద్యోగం ఆర్నెల్లు వెనక్కి పోతుంది. అప్పు చేసి చదివించిన ఇంట్లో ఆ మాట రోజూ వినబడుతుంది.

మూడో వాదం స్థానానిది. ఇది పైరెండింటినీ కాదనదు, వాటి కింద ఉన్నదాన్ని చూపిస్తుంది. ఆస్పత్రి నిచ్చెనలో నర్సింగ్ విద్యార్థిది ఆఖరి మెట్టు. డాక్టరు, స్టాఫ్ నర్సు, ట్యూటరు, హాస్టల్ వార్డెన్, అందరూ ఆమెకి చెప్పగలిగినవాళ్లే. ఆమెది ఎవరికీ ఏమీ చెప్పలేని స్థితి. సరైనది ఏమిటో తెలిసీ అది చేసే వీలు సంస్థ ఇవ్వనప్పుడు పుట్టే యాతనకి నైతిక వేదన అని నర్సింగ్ నీతిశాస్త్రంలో 1984లో ఆండ్రూ జేమ్‌టన్ పేరు పెట్టారు. రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం వెతుకులాడిన వార్డుల్లో, అయినవాళ్లు పక్కన లేకుండా మనుషులు పోయిన వార్డుల్లో ఈ వేదన అందరికీ ఉంది. స్టాఫ్ నర్సుకి కనీసం అనుభవం, తోటివాళ్లు, నెల జీతం, సంఘం ఉన్నాయి. విద్యార్థికి ఆ మరణాన్ని రికార్డులో రాయడం వచ్చు, దాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ నేర్పలేదు.

మొదటి వాదం వైరస్‌ని తప్పుపడుతుంది, కాబట్టి వైరస్ పోతే సమస్య పోతుందంటుంది. రెండోది కాలేజీ మూతని తప్పుపడుతుంది, తెరిస్తే సర్దుకుంటుందంటుంది. మూడోది ఏర్పాటునే తప్పుపడుతుంది కాబట్టి, వైరస్ పోయినా కాలేజీ తెరిచినా ముగ్గురిలో ఒకరు అలాగే మిగులుతారంటుంది. 2018 నాటి 34 శాతాన్ని ఈ మూడింటిలో వివరించగలిగేది మూడోదే. అందుకే సమీక్షకులు దానికి ఇప్పుడు ఇస్తున్న చోటు చాలదనిపిస్తుంది.

ఇల్లు అనే నాలుగో చోటు గురించి రాసినవాళ్లు తక్కువ. హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిన అమ్మాయికి వంట, తమ్ముళ్ల బాధ్యత, జబ్బుపడ్డ పెద్దవాళ్ల సేవ వచ్చిపడ్డాయి. నర్సింగ్ చదువుతోంది కదా అని ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆమెనే అడిగారు. పోస్టింగు నుంచి వచ్చిందని తెలిస్తే అదే ఊరు దూరం జరిగింది. చదువు ఆగినప్పుడు పెళ్లి మాట ముందుకు రావడం కూడా మన దగ్గర ఉన్నదే. ప్రశ్నావళుల్లో వీటికి గడి ఉండదు.

గట్టిపడ్డారా, గాయపడ్డారా

కష్టం మనిషిని పెంచుతుందన్న వాదానికి మనస్తత్వశాస్త్రంలో గౌరవనీయమైన చోటే ఉంది. ఆఘాతం తర్వాతి ఎదుగుదల గురించి మనస్తత్వవేత్తలు టెడెస్కీ, కాల్హూన్ 1990లలోనే రాశారు. సార్స్ కాలపు హాంకాంగ్ ఫలితం దానికి దగ్గరగా ఉంది. బ్రిటన్‌లో 2021 ప్రవేశాలకి నర్సింగ్ దరఖాస్తులు అంతకుముందు ఏడాది కంటే 32 శాతం పెరిగాయి. అష్కెలాన్‌లో కూడా తట్టుకునే గుణం, హాస్యం ఉన్నవాళ్లలో ఆందోళన తక్కువగా ఉంది, మనసుని పక్కకి మళ్లించి తప్పించుకున్నవాళ్లలో ఎక్కువగా ఉంది.

ఈ ఫలితాలు నిజమైనవే. వాటిని వాడుతున్న తీరు మాత్రం ఆందోళన కలిగిస్తుంది. తట్టుకునే గుణం ఉన్నవాళ్లు బాగున్నారన్నది ఒక పరిశీలన. దాన్ని ‘తట్టుకునే గుణం నేర్పితే చాలు’ అన్న విధానంగా మార్చినప్పుడు, కిట్టు ఇవ్వని సంస్థ బాధ్యత కిట్టు లేని విద్యార్థి స్వభావం మీదకి జరిగిపోతుంది. పైగా బ్రిటన్‌లో పెరిగిన దరఖాస్తులు తర్వాతి ఏళ్లలో తగ్గాయి. వృత్తి మీద గౌరవం, ఆ వృత్తిలో నిలబడగలగడం ఒకటి కావు. గర్వం, గాయం ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయి. ‘ఎదిగారా, దెబ్బతిన్నారా’ అని రెండింటిలో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నే సరికాదు.

మన దేశంలో గర్వం, గాయం రెండూ నెల తేడాతో కళ్లముందు కనిపించాయి. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకి దేశమంతా ఆరోగ్య సిబ్బందికి చప్పట్లు కొట్టింది. ఏప్రిల్ 22న, వాళ్ల మీద దాడుల్ని శిక్షించడానికి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించాల్సి వచ్చింది.

ఏ సాయం పనిచేసింది

ఇక్కడ చెప్పుకోవాల్సింది తక్కువ, ఆధారాలు తక్కువ కాబట్టి. ఆరోగ్య విద్యార్థుల్లో తట్టుకునే శక్తి పెంచే శిక్షణల మీద వైద్య ఆధారాల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 30 ప్రయోగాల్ని పరిశీలించి, కొంత మేలు కనిపించినా ఆ ఆధారం మీద నమ్మకం చాలా తక్కువని చెప్పింది. అంటువ్యాధుల సమయంలో ముందువరస సిబ్బందికి ఇచ్చే సాయం మీద అదే ఏడాది వచ్చిన మరో కాక్రేన్ సమీక్ష కూడా, ఏది పనిచేస్తుందో తేల్చడానికి ఆధారాలు చాలవంది. ధ్యానం, యోగా, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ వద్దని దీనర్థం కాదు. వాటితో పని అయిపోయిందనుకోవద్దని మాత్రమే.

మన దగ్గర టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా డబ్బు ఖర్చు కాకుండా తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. నర్సింగ్ కాలేజీలూ విద్యాసంస్థలే. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో 25 వేల మందికి పైగా ఎంబీబీఎస్ విద్యార్థుల్ని అడిగితే, తమకి మానసిక సమస్య ఉందని 27.8 శాతం చెప్పారు. నర్సింగ్ విద్యార్థుల విషయంలో కూడా ఆ స్థాయి లెక్క కావాలి.

నర్సింగ్ కాలేజీకే ప్రత్యేకమైన అడ్డంకి ఒకటుంది. చాలాచోట్ల విద్యార్థి మంచిచెడ్డలు చూసే మెంటార్ బాధ్యత ట్యూటర్‌దే. ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ ట్యూటరే, ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టేదీ ఆ ట్యూటరే. రాత్రి నిద్ర పట్టడం లేదని, ఐసీయూ అంటే చేతులు వణుకుతున్నాయని ఆమెతో చెబితే అది సాయానికి దారి తీస్తుందో, ‘ఈ అమ్మాయి డ్యూటీకి పనికిరాదు’ అన్న ముద్రకి దారి తీస్తుందో విద్యార్థికి తెలియదు. సైకియాట్రీ పోస్టింగ్ చేసినవాళ్లు, కుంగుబాటు లక్షణాలు పుస్తకంలో వరసగా చెప్పగలిగినవాళ్లు కూడా తమ సంగతికొచ్చేసరికి నోరు విప్పకపోవడానికి ఇదొక పెద్ద కారణం. మార్కులతో సంబంధం లేని కౌన్సెలర్, వీలైతే కాలేజీ జీతం మీద ఆధారపడని కౌన్సెలర్ కావాలి. ధ్యాన శిబిరాల కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

తేలనివి

పరిశోధనలో మొదటి లోటు కాలానిది. అత్యధిక అధ్యయనాలు ఒక్కసారి అడిగి వదిలేసినవి. అవే ముఖాలని ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కలిసి అడిగినవి చాలా తక్కువ. తుఫాను రోజున తీసిన ఫొటోలో ఇల్లు తడిసినట్టు తెలుస్తుంది, ఆరిందో కూలిందో తెలియదు.

రెండో లోటు మనుషులది. ఇంగ్లీషు ఆన్‌లైన్ ప్రశ్నావళికి అందేది ఎక్కువగా బీఎస్సీ విద్యార్థి. జీఎన్ఎం, ముఖ్యంగా ఏఎన్ఎం విద్యార్థుల గొంతు ఈ అంకెల్లో పలచగా ఉంది. పల్లెల్లో ఆరోగ్య ఉపకేంద్రాలకి వెళ్లేది వాళ్లే. తెలుగులో అడిగే ప్రశ్నావళులు, అంతకంటే ముఖ్యంగా వాళ్లు తమ మాటల్లో చెప్పుకునే అధ్యయనాలు కావాలి. ‘డిప్రెషన్’ అని గుర్తు పెట్టని అమ్మాయి ‘గుండె బరువెక్కుతోంది’ అంటుంది, ‘ఏమీ తోచట్లేదు’ అంటుంది.

మూడోది విధానానిది. వచ్చే మహమ్మారిలో విద్యార్థుల్ని పిలవాలా వద్దా అన్న దాని మీద ఇరుపక్షాలకీ బలమైన మాటలున్నాయి. పిలవకపోతే వార్డులు నడవవు, చదువూ ఆగుతుంది. పిలిస్తే శిక్షణ పూర్తికాని మనిషి మీద పూర్తి బరువు పడుతుంది. పిలిచేటట్టయితే ఏ ఏడాది వాళ్లని, ఎన్ని గంటలకి, ఎంత జీతానికి పిలుస్తారు? ‘రాను’ అన్న విద్యార్థి హాజరు, మార్కులు ఏమవుతాయి? డ్యూటీలో జబ్బుపడితే, ఆ జబ్బు మనసుదైనా సరే, ఆమెని ఉద్యోగిగా చూస్తారా, విద్యార్థిగానా? వీటికి జవాబులు కేసులు లేని రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. ఆక్సిజన్ లేని రాత్రి కూర్చుని రాసే నిబంధనలో విద్యార్థి మాట ఉండదు.

నాలుగో ప్రశ్న మెంజీస్ వదిలిన చోట మొదలవుతుంది. రెండో వేవ్‌లో 20, 21 ఏళ్ల వయసులో కోవిడ్ వార్డుకి వెళ్లిన బ్యాచ్‌లు ఇప్పుడు స్టాఫ్ నర్సులు. కొందరు హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆస్పత్రుల్లో ఉన్నారు, కొందరు గల్ఫ్‌కో యూరప్‌కో వెళ్లారు. ఇక్కడ ఉన్నవాళ్ల కిందకి కొత్త విద్యార్థులు పోస్టింగుకి వస్తున్నారు. తొలిసారి చావు చూసి స్టోర్ రూములో నిలబడి ఏడుస్తున్న పిల్లకి, ఆ సిస్టర్ తన రోజుల్ని గుర్తు చేసుకుని పక్కన కూర్చుంటుందా, లేక తనకి ఒకప్పుడు చెప్పినట్టే ముఖం కడుక్కుని డ్యూటీకి రమ్మంటుందా? రాబోయే అధ్యయనాలు కొలవాల్సింది ఇది.